ఎడం చేతికి విడుదల

కొల్లేటి అంచున ఒక ఊళ్ళో, దాళ్వా పంట ఇంటికొచ్చిన రోజుల్లో, హరిశ్చంద్ర నాటకం జరుగుతోంది. కాటి సీనుకు జనం కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. పదేళ్ళ పిల్లవాణ్ణి, నేను మాత్రం హరిశ్చంద్రుణ్ణి చూడటం లేదు. స్టేజీ పక్కన బల్ల మీద కూర్చున్న హార్మోనిస్టు గారి చేతుల్ని చూస్తున్నాను. కుడి చెయ్యి మెట్ల మీద ఉరుకులు పరుగులు పెడుతోంది. పద్యం ఆఖర్న నటుడు రాగం తీస్తే దాన్ని అందుకుని, ఇంకాస్త సాగదీసి, జనం చేత "వన్స్ మోర్" అనిపించి మరీ వదులుతోంది. ఎడం చెయ్యి సంగతి వేరు. తలుపు తీసి మూసినట్టు, రాత్రంతా తిత్తి ఊదుతూనే ఉంది.

నాటకం అయ్యాక దగ్గరికెళ్ళి అడిగాను. "మాస్టారూ, ఎడం చెయ్యి వాయించదాండీ?"

"అదీ వాయిస్తే దీనికి ఊపిరెవరు పోస్తార్రా అబ్బాయ్?" అన్నారాయన, పెట్టె మూసేస్తూ.

ఇదే ప్రశ్న మరో వాద్యం విషయంలో యూరప్‌లో శతాబ్దం పైగా నలిగిందని చాలా కాలానికి తెలిసింది. ఆ వాద్యం అకార్డియన్. ఛాతీకి తగిలించుకుని, మధ్యలో తిత్తి సాగదీస్తూ, రెండు వైపులా వేళ్ళతో వాయించేది. 'సంగం' సినిమాలో రాజ్ కపూర్ చేతిలో చూసే ఉంటారు. హార్మోనియానికి అది దాయాది. ఇద్దరి కడుపులోనూ ఉన్నది ఒకే రీడు.

రీడు అనే ఇంగ్లిషు మాటకు అసలు అర్థం రెల్లు జాతి గడ్డి. కొల్లేట్లో పడవ వెళ్ళే దారికి అటూ ఇటూ మనిషెత్తు పెరిగే కిక్కిస ఉంది చూడండి, అలాంటిది. సన్నాయి పీక ఆ జాతి కాడతోనే చేస్తారు. పీకలో రెండు పలకలు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ మోగుతాయి. హార్మోనియం రీడు అలా కాదు. ఒక లోహపు పలకకి సన్నని గాడి, గాడి మీద ఒక చివర మాత్రమే రివెట్ కొట్టిన లోహపు నాలుక. గాలి తోసినప్పుడు నాలుక ఆ గాడిలోకి దూరి బయటికి వస్తుంది కానీ అంచుల్ని తాకదు. దేన్నీ తాకకుండా ఆడుతుంది కాబట్టే దాన్ని ఫ్రీ రీడ్ అన్నారు. దాని శ్రుతి దాని ఒంట్లోనే ఉంటుంది. పొడుగెంత, మందమెంత, కొసన బరువెంత అన్నవే లెక్క. కొస దగ్గర కాస్త గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఈ సూత్రం మీదే చైనాలో 'షెంగ్' అనే నోటి వాద్యం వేల ఏళ్ళుగా మోగుతోంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ బహుమతి పెడితే, 1780లో క్రాట్జెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త మనిషి అచ్చుల్ని పలికే గొట్టాలు చేసి గెలుచుకున్నాడు. వాటిలోనూ ఇలాంటి రీడే. అక్కణ్ణుంచి అర్ధ శతాబ్దం పాటు యూరప్‌లో ప్రతి వడ్రంగీ, ప్రతి గడియారాలవాడూ రీడుతో ఏదో ఒకటి చేసి చూసినవాడే.

వాళ్ళలో మన కథకు కావలసింది వియన్నాలో ఆర్గాన్లు చేసుకునే సిరిల్ డెమియన్. ఆర్మీనియా మూలాలున్నవాడు. 1829 మే నెలలో తన ఇద్దరు కొడుకులతో కలిసి ఒక చిన్న పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. దాని మీద 5 మెట్లు. ఒక మెట్టు నొక్కితే ఒక స్వరం రాదు, మూడు నాలుగు స్వరాల గుత్తి వస్తుంది. మన సినిమా సంగీతం వాళ్ళు కార్డ్ అనేది అదే. తిత్తి లాగితే ఒక కార్డ్, మూస్తే మరో కార్డ్, వెరసి 5 మెట్లకు 10 కార్డ్‌లు. జర్మన్ మాటలో కార్డ్‌ని అకోర్డ్ అంటారు కాబట్టి వాద్యానికి అకార్డియన్ అని పేరు పెట్టాడు. అంటే ఇది పుట్టినప్పుడు పాట వాయించడానికి పుట్టలేదు. ఎవరో పాడుతుంటే వెనక గుత్తులు గుత్తులుగా శ్రుతి నింపడానికి పుట్టింది. పేరులోనే సంకెల ఉంది.

ఆ సంకెల కుడి చేతికి త్వరగానే తెగింది. విడి స్వరాలు పలికే బటన్లు వచ్చాయి, తరవాత పియానో మెట్లూ వచ్చాయి. కార్డ్‌ల బాధ్యత మొత్తం ఎడం చేతి నెత్తిన పడింది. ఇటలీలో కాస్టెల్‌ఫిదార్దో అనే ఊళ్ళో పావ్లో సొప్రానీ 1863లో అకార్డియన్ల తయారీ మొదలుపెట్టాడు. స్ట్రడెల్లా అనే మరో ఊళ్ళో మరియానో దల్లపే 1876లో మొదలుపెట్టాడు. ఈ రెండో ఊరి పేరే ఎడం చేతి బటన్ల అమరికకు స్థిరపడింది. ఇవాళ దుకాణంలో దొరికే మామూలు అకార్డియన్లు చాలావరకు స్ట్రడెల్లా బాస్ ఉన్నవే.

ఆ అమరికను నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. తాడేపల్లిగూడెంలో ఒక ఆర్కెస్ట్రా పార్టీ ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కున్నాక మూలన పడేసిన అకార్డియన్‌ని చవగ్గా తెచ్చుకున్నాను. సంగీతం మాస్టారి దగ్గర సరళీ వరసలు, కొన్ని గీతాలు వచ్చు, అంతే. కుడి చేత్తో మాయామాళవగౌళ పలికించాను. సంబరంగా ఎడం చేత్తోనూ పలికిద్దామని కూర్చున్నాను.

ఎడం వైపు 120 బటన్లు. నిలువునా 6 వరసలు, ఒక్కో వరసలో 20. మధ్యన ఒక బటన్‌కి చిన్న గుంట ఉంటుంది, తడుముకుంటే వేలికి తగులుతుంది. అది సా అనుకోండి. దాని పైది రి కాదు, ప. ఆ పైది, పకు పంచమం, అంటే చతుశ్శ్రుతి రి. దాని పైది ధ, ఆ పైది అంతర గాంధారం. షడ్జ పంచమ భావంతో ఒక మెట్టు తరవాత ఒక మెట్టు ఎక్కించుకుంటూ పోయారు. కిందికి దిగితే మొదట శుద్ధ మధ్యమం, ఆ తరవాత కైశికి నిషాదం. ఈ వరసకు పక్కన మరో వరస, ప్రతి స్వరానికీ అంతర గాంధారం పలికేది. మిగతా 4 వరసలూ కార్డ్‌లు. ఒక్క బటన్ నొక్కితే లోపల మీటలు మూడు స్వరాల కవాటాల్ని ఒక్కసారి ఎత్తుతాయి.

పాశ్చాత్య సంగీతంలో తోడు వాయించేవాడికి ఇది అద్భుతమైన ఏర్పాటు, ఒప్పుకోవాలి. వాళ్ళ పాటల్లో సా నుంచి పకీ, మకీ తిరగడమే ఎక్కువ. అవి వేలి పక్కనే ఉన్నాయి. శంకరాభరణం వరకూ నాకూ ఇబ్బంది లేకపోయింది. మాయామాళవగౌళకొచ్చేసరికి శుద్ధ రిషభం సాకి 5 బటన్లు కింద, శుద్ధ ధైవతం 4 బటన్లు కింద. సరే, వేళ్ళు చాపి అవీ అందుకున్నాను. ని దాటి పై సా కోసం వెతికితే పై సా లేదు! ఉన్నది ఒక్కటే సా. మొదట నొక్కిందే మళ్ళీ నొక్కాలి. ఎడం వైపు మొత్తంలో ఉన్నవి 12 స్వరస్థానాలే. ఒక్కో బాస్ బటన్‌కి మంద్రం నుంచి పైకి నాలుగైదు స్థాయిల రీడ్లు ఒకేసారి మోగుతాయి కాబట్టి చెవికి లావుగా వినిపిస్తుంది కానీ, స్థాయి అన్నదే లేదు. ఆరోహణ పైకెక్కి, గడప దగ్గర జారి, మొదలుకొచ్చి పడుతుంది. హార్మోనియం ఎడం చేతికి ఊపిరి పోసే పనైనా ఉంది. దీని ఎడం చేతికి వండి వడ్డించిన కార్డ్‌లు తప్ప సొంత వంట లేదు.

ఫ్రీ బాస్ అకార్డియన్ పుట్టింది ఈ లోటులోంచే. దాని అర్థం చాలా సాదా. ఎడం చేతి వైపు కూడా ప్రతి బటన్‌కి ఒక్క స్వరం, ఒక్క స్థాయి. మంద్రం నుంచి తారం దాకా నాలుగైదు స్థాయిలు వరసగా. అప్పుడు ఎడం చెయ్యి కుడి చేతితో సమానంగా రాగం వాయించగలదు.

అయితే ఏ బటన్ ఎక్కడ పెట్టాలి? ఇక్కడే మతాలు చీలాయి.

ఇటలీలోనూ అమెరికాలోనూ కొందరు పాత అలవాటును వదల్లేదు. స్ట్రడెల్లాలో ఉన్న రెండు బాస్ వరసల్నే తీసుకుని, కార్డ్‌ల వరసల స్థానంలో అవే వరసల్ని పై స్థాయిలో ఒకసారి, ఆపై స్థాయిలో మరోసారి పేర్చారు. పంచమాల లెక్కే కాబట్టి దీన్ని క్వింట్ పద్ధతి అంటారు. స్ట్రడెల్లా తెలిసినవాడి వేళ్ళు ఇందులో దారి తప్పవు. కానీ స, రి, గ, మ అని పక్కపక్కన నడిచే పాటకు ఇది గెంతులే.

రెండోది క్రొమాటిక్ పద్ధతి. దీన్ని ముగ్గు వేసే ఆడవాళ్ళకు చెబితే చిటికెలో అర్థమవుతుంది. సందు చుక్కల ముగ్గులో ఒక వరస చుక్కల సందుల్లో తరవాతి వరస చుక్కలొస్తాయి కదా. అలా మూడు నిలువు వరసలు వేసుకోండి. ఏటవాలుగా మొదటి గీత మీద స, శుద్ధ రి, చతుశ్శ్రుతి రి. దాని కింద ఏటవాలు గీత మీద సాధారణ గ, అంతర గ, శుద్ధ మ. తరవాతి గీత మీద ప్రతి మ, ప, శుద్ధ ధ. నాలుగో గీత మీద చతుశ్శ్రుతి ధ, కైశికి ని, కాకలి ని. మూడేసి చుక్కల నాలుగు గీతల్లో 12 స్వరస్థానాలూ అయిపోయాయి. అయిదో గీత మళ్ళీ పై సాతో మొదలు. ఈసారి పై సా నిజంగా పైదే. గీత ఎటు వాలుతుందన్నదాన్ని బట్టి బి పద్ధతి, సి పద్ధతి అని రెండున్నాయి. ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. రష్యావాళ్ళది బి, ఇటలీ, ఫ్రాన్సులవాళ్ళది ఎక్కువగా సి.

ఈ ముగ్గులో మన హార్మోనిస్టులు ఈర్ష్య పడవలసిన సంగతి ఒకటుంది. నటుడు ఒకటిన్నర శ్రుతి వాడైతే ఒక వేళ్ళ వరస, రెండున్నర అయితే మరో వరస అని వాళ్ళు సాధన చెయ్యాలి. ఆ తిప్పలు పడలేకే మెట్ల పలక మొత్తం పక్కకి జరిగే స్కేల్ చేంజర్ హార్మోనియం వచ్చింది. క్రొమాటిక్ బటన్లలో మూడు వరసలకు తోడు మొదటి రెండు వరసల్నే మళ్ళీ చివర పెడతారు, మొత్తం అయిదు. అప్పుడు ఒక రాగానికి నేర్చుకున్న వేళ్ళ నడక ఏ శ్రుతిలోనైనా అదే. చెయ్యి జరిగితే చాలు, పలక జరగక్కర్లేదు.

మూడోది ఒక రకంగా రాజీ. పాత కార్డ్‌లు పోకూడదు, కొత్త స్వరాలూ కావాలి. కొందరు స్ట్రడెల్లా 6 వరసల పక్కన తిత్తి వైపు ఇంకో 3 క్రొమాటిక్ వరసలు చేర్చారు. వేళ్ళు అంత దూరం పోవాలి, పెట్టె వెడల్పవుతుంది. అంతకన్నా తెలివైనది కన్వర్టర్. ఒక మీట నొక్కితే కార్డ్ బటన్లే విడి స్వరాల బటన్లుగా మారిపోతాయి, మళ్ళీ నొక్కితే యథాతథం. రష్యాలో ప్యోత్ర్ స్టెర్లిగోవ్ అనే పనివాడు 1907లో ఒర్లాన్‌స్కీ-తితారెంకో అనే వాద్యకారుడి కోసం పెద్ద బటన్ అకార్డియన్ చేశాడు. పాతకాలపు గాయకుడి పేరు మీద దానికి బయాన్ అని పేరొచ్చింది. తరవాతి దశాబ్దాల్లో బయాన్‌కి ఈ రెండు రకాల ఎడం చెయ్యి వచ్చింది. దాన్ని రష్యన్‌లో సిద్ధంగా ఉన్నదీ, ఎంచుకునేదీ అనే అర్థమొచ్చే జంట మాటతో పిలుస్తారు. నాకు తెలిసి ఈ కథ మొత్తాన్నీ అంత క్లుప్తంగా చెప్పిన మాట మరొకటి లేదు.

బటన్లు పైకి కనిపించేవి. అసలు తేడా మూత విప్పితే తెలుస్తుంది.

మన హార్మోనియంలో రీడు నాలుక ఇత్తడి. గుజరాత్‌లో పాలితానా ఊరి రీడ్లకు పేరు. బయటి తిత్తి గాలిని లోపలి తిత్తిలోకి తోస్తుంది, లోపలి తిత్తిని స్ప్రింగులు నొక్కిపట్టి ఉంచుతాయి, గాలి ఎప్పుడూ ఒకే దిక్కుగా రీడు గుండా పోతుంది. కాబట్టి స్వరానికి ఒక నాలుక చాలు. అకార్డియన్‌లో లోపలి తిత్తి లేదు. లాగితే గాలి లోపలికి, మూస్తే బయటికి. అందువల్ల ప్రతి పలకకి రెండు గాళ్ళు, రెండు నాలుకలు, ఒకటి ఈ వైపు, ఒకటి ఆ వైపు. పని లేని నాలుక గుండా గాలి వృథాగా పోకుండా గాడి వెనక పల్చటి తోలు ముక్క అతికిస్తారు. గాలే దాన్ని మూస్తుంది, గాలే తెరుస్తుంది. నాలుకలు ఉక్కువి, పలక అల్యూమినియం జాతిది. మంచి రకం చేత్తో చేసినవి. వాటి అంచుల్లో ఉక్కు రేకు నీలి చాయ ఇంకా కనిపిస్తుంది.

ఇటలీ పద్ధతిలో ఏ స్వరం పలక దానిదే. చెక్క దిమ్మ మీద తేనె మైనం, గుగ్గిలం కలిపి కరిగించి ఒక్కొక్కటీ అతికిస్తారు. బయాన్‌లో అలా కాదు. పొడుగాటి ఒకే పలక మీద చాలా స్వరాల నాలుకలు వరసగా ఉంటాయి. ఆ పలకని తోలు పరుపు మీద బిగిస్తారు, మైనం ఉండదు. పెద్ద లోహపు పలక కదలకుండా కూర్చుంటుంది కాబట్టి మంద్రం నిండుగా, గంభీరంగా పలుకుతుంది. ఫ్రీ బాస్‌కి మంద్రమే ప్రాణం కదా. అన్నిటికన్నా కింది స్వరం సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఆ నాలుక బెత్తెడు పొడుగు ఉండకుండా కొసన బరువు అతికిస్తారు. స్ట్రడెల్లా ఎడం వైపు 12 స్వరాలకు రీడ్లుంటే సరిపోయేది. ఇక్కడ నాలుగైదు స్థాయిల్లో ప్రతి స్వరానికీ సొంత రీడ్లు కావాలి, వాటికి వేరే మీటలు, వేరే కవాటాలు. అందుకే కచేరీ బయాన్లు 15 కిలోలు తూగుతాయి. ఛాతీ మీద బియ్యం మూట పెట్టుకుని త్యాగరాజ కృతి వాయించినట్టు.

తాడేపల్లిగూడెం అకార్డియన్‌కి నేను చేసిన ద్రోహం ఇక్కడ చెప్పుకోవాలి. ఎడం చేతి మీద అలిగి దాన్ని అటకెక్కించాను. మా ఇంటికి కొల్లేటి గాలి తగులుతుంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోసే వర్షాకాలంలో ఇంట్లో ఉప్పు నీరవుతుంది, పుస్తకాలకు బూజు పడుతుంది. రెండు వానాకాలాలు పోయాక దింపి వాయిస్తే మంద్రం రీడ్లు మూలిగాయి. విప్పి చూస్తే ఉక్కు నాలుకల మీద తుప్పు. తుప్పు పట్టిన చోట బరువు మారుతుంది, శ్రుతి జారుతుంది. తోలు ముక్కలు ముడుచుకుపోయాయి. అటక మీది ఎండాకాలపు వేడికి మైనం పగుళ్ళిచ్చి ఒక పలక ఊడి కింద పడి ఉంది. అది చాలదన్నట్టు, కుట్టు మిషన్‌కి పోసే నూనె తెచ్చి రీడ్లకి రాశాను. నూనె దుమ్మును పట్టుకుంది, జిడ్డు నాలుకని గాడికి అంటించింది. నాలుగు రోజుల్లో మూగబోయింది. అదే అటక మీద, అదే వానల్లో ఉన్న మా పాత హార్మోనియం ఇత్తడి నాలుకలు నల్లబడ్డాయి కానీ పలకడం మానలేదు. వియన్నాలో పుట్టిన ఉక్కు కంటే పాలితానా ఇత్తడే మా ఊరి గాలికి తగిన లోహం.

మన పెట్టె ఎడం చేతిని ఎందుకు వదులుకుందో కూడా చెప్పాలి. పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1840ల మొదట్లో పేటెంటు తీసుకున్న హార్మోనియం కాళ్ళతో తొక్కేది. రెండు చేతులూ మెట్ల మీదే. మిషనరీలతో, దొరలతో మన దేశానికి వచ్చిందీ అదే. మన నాటక కంపెనీల్లోనూ కాలి హార్మోనియం చాలాకాలం రాజ్యమేలింది. కానీ మనం పాడేది చాప మీద, బాసింపట్టు వేసుకుని. కుర్చీ వేసుకుని తొక్కే వాద్యం మనం కూర్చునే తీరుకి పొసగదు. పందొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్ళలో కలకత్తాలో ద్వార్కిన్ కంపెనీ ద్వారకానాథ్ ఘోష్ దాని కాళ్ళు తీసేసి, తిత్తిని వెనక వైపుకి తెచ్చి, నేల మీద కూర్చోబెట్టాడు. ఒక చెయ్యి పోయింది. పోయినా మనకు నష్టం అనిపించలేదు, ఎందుకంటే మన పాటకు ఒక గొంతు, ఒక ధార చాలు. అకార్డియన్‌వాళ్ళు చేతిని విడిపించుకోవడానికి శతాబ్దం పైగా తంటాలు పడ్డారు. మనం దాన్ని చేతులారా ఊపిరికి ఇచ్చేశాం. రెండూ సరైన నిర్ణయాలే అని నా అభిప్రాయం.

పెద్దల చిన్నచూపు మాత్రం రెండింటికీ సమానంగానే దక్కింది. గమకం పలకదని, శ్రుతులు మన లెక్కకు నిలవవని 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యేనాటికి ఆ నిషేధం అమల్లోనే ఉంది. రాత్రంతా గోదావరి జిల్లాల జనాన్ని కూర్చోబెట్టిన వాద్యానికి రేడియో గడప దొరకలేదు. 1971 దాకా అంతే. అటు అకార్డియన్ని కూడా సారా దుకాణాల వాద్యమని సంగీత కళాశాలలు చాలాకాలం దూరం పెట్టాయి. దాని చేత ఆ గడప దాటించింది ఫ్రీ బాస్. డెన్మార్క్‌లో మొగెన్స్ ఎల్లెగార్డ్ అనే వాద్యకారుడు దాన్ని చేపట్టి, స్వరకర్తల చేత కొత్త రచనలు చేయించి, 1970లో కోపెన్‌హాగెన్ రాయల్ అకాడమీలో అకార్డియన్ శాఖ ప్రారంభించాడు. రష్యాలో స్వరకర్త సోఫియా గుబైదులినా 1978లో వాద్యకారుడు ఫ్రీడ్రిఖ్ లిప్స్ కోసం బయాన్‌కి 'దె ప్రొఫుందిస్' రాసింది. అందులో ఒకచోట ఏ బటనూ నొక్కకుండా తిత్తిని మాత్రమే లాగుతారు. వినిపించేది ఊపిరి ఒక్కటే. ఆ రికార్డింగ్ మొదటిసారి విన్నప్పుడు నాకు మా హార్మోనిస్టు గారి ఎడం చెయ్యి కళ్ళ ముందు ఆడింది.

ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కొల్లేటి లంకల్లో నాటకాల ఇళ్ళున్నాయి. మీ ఇంట్లో తాతగారి కాలి హార్మోనియమో, ఆర్కెస్ట్రా రోజుల అకార్డియనో ఉంటే పాత సామానులవాడికి వేసెయ్యకండి. అటక మీంచి దింపి గాలి ఆడే చోట పెట్టండి. వానాకాలంలో వారానికోసారైనా తిత్తి ఊది నాలుగు స్వరాలు పలికించండి. రీడ్లకి మాత్రం నూనె రాయకండి.